పన్నెండో నంబరు చొక్కా

లారెల్ బ్రాంచ్‌లో ఏ ఇంటి పిల్లలు ఏ మలుపు దగ్గర బస్సెక్కుతారో, ఎవరు రోజూ బూట్ల తాళ్ళు కట్టుకోకుండా పరిగెత్తుకొస్తారో, ఎవరికి ముందు సీటు ఇవ్వకపోతే వాంతి అవుతుందో వర్నీస్ టిల్‌మన్‌ని నిద్రలో లేపి అడిగినా చెప్పేది. తూర్పు టెక్సస్‌లోని ఆ చిన్న ఊళ్ళో స్కూలు బస్సు నడపడం మొదలుపెట్టి ఆమెకు పంతొమ్మిదేళ్ళయింది. భర్త లూథర్ కాగితం మిల్లులో షిఫ్టులు చేస్తాడు. మాట తక్కువ, ఆ తక్కువలో సగం ఎత్తిపొడుపు. వాళ్ళకు ఒక్కడే కొడుకు, కోర్డెల్.

ఆ ఊళ్ళో శుక్రవారం సాయంత్రమైతే పాస్టరుగారి నుంచి కోళ్ళ ఫ్యాక్టరీలో ఈకలు పీకేవాడి దాకా అందరూ హైస్కూలు స్టేడియంలోనే ఉంటారు. హెల్మెట్లు పెట్టుకుని, కోలబంతిని చంకలో ఇరికించుకుని, ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటూ ఆడే ఫుట్‌బాల్ అది. అందులో క్వార్టర్‌బ్యాక్ అనేవాడు ఒకడుంటాడు. బంతి ముందు వాడి చేతికే వస్తుంది. వాడు చూసి, ఎంచి, విసిరితేనే మిగతావాళ్ళు కదులుతారు. కోర్డెల్ మూడేళ్ళపాటు ఆ స్థానం కోసం కాచుకుని కూర్చున్నాడు. వాడికంటే పెద్దవాడొకడు ఆడుతుంటే, వీడు గీత అవతల టోపీ పెట్టుకుని చేతులతో సైగలు చేస్తూ నిలబడేవాడు. వర్నీస్ ఆ మూడేళ్ళూ తల్లిదండ్రుల స్టాల్లో మొక్కజొన్న చిప్స్ మీద వేడివేడి మాంసం కూర పోసి అమ్ముతూ, సందు దొరికినప్పుడల్లా ఆ టోపీనే చూసుకునేది.

రెండేళ్ళ కిందట పక్క పట్నంలోని ప్రైవేటు స్కూలువాళ్ళు కోర్డెల్‌ని రమ్మన్నారు. వస్తే ఆ యేడే ఆడిస్తామన్నారు. వర్నీస్ ఒప్పుకోలేదు. "మనం ఈ ఊరివాళ్ళం. వంతు వచ్చేదాకా నిలబడతాం," అంది. ఆఖరి సంవత్సరం ముందు, మే నెలలో కోచ్ బార్‌ఫీల్డ్ కోర్డెల్ భుజం తట్టి, "ఈ యేడు ఆట నీదేరా," అన్నాడు. ఆ వారమే వర్నీస్ ఊదారంగు చొక్కా కుట్టించుకుంది. ముందూ వెనకా కొడుకు నంబరు పన్నెండు, దాని కింద 'అదిగో నా కొడుకు' అని తెల్లటి అక్షరాలు.

జులైలో జకారి దిగాడు.

వాడిది తొమ్మిదో తరగతి లూసియానాలో, పది ఆర్కన్సాలో, పదకొండు డాలస్ దగ్గర. పన్నెండుకి ఇక్కడ. నాలుగేళ్ళలో నాలుగు బళ్ళు. ఎక్కడ కోచ్ బాగుంటే అక్కడికి, ఎక్కడికి కాలేజీలవాళ్ళు ఆటగాళ్ళని ఎంచుకోవడానికి వస్తారంటే అక్కడికి తల్లీ కొడుకులు పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోతూనే ఉన్నారు.

"ఈ కాలం పిల్లలు బూట్లు మార్చినట్టు బళ్ళు మారుస్తున్నారు," అన్నాడు లూథర్.

"మార్చుకోనీ. మనకేంటి?" అంది వర్నీస్. వాడు ఏ స్థానంలో ఆడతాడో ఆమెకింకా తెలీదు.

తెలిసిన రోజు ఆమె స్టాలు షట్టరుకి రంగు వేస్తోంది. మైదానంలో సాధన జరుగుతోంది. సన్నగా, పొడుగ్గా ఉన్న కుర్రాడొకడు రెండడుగులు వెనక్కి వేసి బంతి విసిరాడు. అది అరవై గజాలు వెళ్ళి, పరిగెత్తుతున్నవాడి చేతుల్లో దిగింది. అప్పటిదాకా ఏదో ఒకటి అరుస్తూ ఉన్న కోచ్ నోరు మూసుకున్నాడు. ఆ నిశ్శబ్దం వినగానే వర్నీస్‌కి వాడిది ఏ స్థానమో తెలిసిపోయింది. కుంచెలోని రంగు చెప్పుమీద కారింది.

మడత కుర్చీలో కూర్చున్న ఒకామె లేచి దగ్గరికొచ్చింది. చక్కగా అల్లుకున్న జడలు, తెల్ల నిక్కరు, నవ్వు ముఖం.

"నా పేరు రొషెల్. వాడు మా జకారి. మీ అబ్బాయి ఏడండీ?"

"పన్నెండో నంబరు."

"అయ్యో, మా వాడిదీ ఎక్కడికెళ్ళినా పన్నెండే!" అని నవ్వింది రొషెల్. "పిల్లలు వాళ్ళే తేల్చుకుంటార్లెండి."

తేల్చుకున్నారు కూడా. ఆగస్టు మొదటి వారంలో కోచ్ కోర్డెల్‌ని గదిలోకి పిలిచి అరగంట మాట్లాడాడు. బయటికొచ్చాక వాడు రక్షణ జట్టులో, అన్నిటికన్నా వెనక కాపలా ఉండే స్థానంలో నిలబడ్డాడు. వీపుమీద ముప్ఫై ఒకటి.

"నంబరు కూడా ఇచ్చేశావా?" అంది వర్నీస్ ఆ సాయంత్రం.

"నేనే ఇచ్చానమ్మా. నంబరుదేముంది?"

"ఏముందా? అది నా వీపుమీద ఉందిరా!"

లూథర్ ప్లేటులోంచి తల ఎత్తకుండానే, "పన్నెండు పక్కన పంతొమ్మిది కలిపితే ముప్ఫై ఒకటవుతుంది. కుట్టించుకో," అన్నాడు.

కొత్త చొక్కా కుట్టించుకోవడానికి ఆమెకు మనసు రాలేదు. మొండిగా పాతదే వేసుకుని మొదటి ఆటకు వెళ్ళింది. ఆ రోజు జకారి నాలుగుసార్లు బంతిని అవతలి చివరి గీత దాటించాడు. జనం పూనకం వచ్చినట్టు ఊగిపోయారు. ఆట మధ్యలో స్టాలు దగ్గరికి ఎవరో పొరుగూరి పెద్దాయన వచ్చి, ఆమె చొక్కా చూసి, టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు.

"అమ్మా, ఆ పిల్లాణ్ణి కన్న తల్లివి నువ్వేనా? ఎంత చెయ్యమ్మా అది! దేవుడు చల్లగా చూడాలి."

కాదు అనడానికి వర్నీస్ నోరు తెరిచింది. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. తన కొడుకు గురించి ఇలాంటి మాట కోసం ఆమె మూడేళ్ళు ఎదురుచూసింది.

"థాంక్సండీ," అంది.

ఆయన వెళ్ళిపోయాక మాంసం గరిటె మళ్ళీ అందుకుంది. ఎదురుగా మెట్లమీద రొషెల్ లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. ఊళ్ళోకొచ్చి ఎనిమిది వారాలు కాలేదు, అప్పుడే ఆమె చుట్టూ పదిమంది ఆడవాళ్ళు. వర్నీస్ పంతొమ్మిదేళ్ళు పిల్లల్ని మోసిన ఊరు! కన్ను కుట్టడమంటే మాట వరసకి అంటారనుకునేది. ఆ సాయంత్రం నిజంగానే రెండు కళ్ళూ మండాయి.

ఇది చాలదన్నట్టు కోర్డెల్ జకారిని ఇంటికి తేవడం మొదలుపెట్టాడు. సాధన అవగానే ఇద్దరూ చెమట కంపుతో వచ్చి బల్ల ముందు కూలబడేవారు. జకారి గ్రేవీలో ఉడికిన పంది మాంసం మూడు ముక్కలు తిని, మొక్కజొన్న రొట్టెతో ప్లేటు తుడిచి, తిన్న ప్లేటు తనే కడిగి పెట్టేవాడు.

"మిస్ వర్నీస్, ఇలాంటి కూర నేనెక్కడా తినలేదు మేడమ్."

"నాలుగు ఊళ్ళు తిరిగావుగా, ఎక్కడా తినలేదా?" అంది ఆమె, పుల్ల విరిచినట్టు.

వాడు ఆ పుల్లవిరుపు పట్టించుకోలేదు. "ఎక్కువ బర్గర్లే మేడమ్," అన్నాడు.

ఆ మర్యాద చూస్తే ఆమెకు ఇంకా ఒళ్ళు మండేది. పొగరుబోతయితే హాయిగా తిట్టుకునేది. పక్క గదిలో ఇద్దరూ వీడియో ఆట ఆడుతూ విరగబడి నవ్వుతుంటే ఆమె గిన్నెలు కడుగుతూ ఆ నవ్వులో కొడుకు గొంతు ఏదో ఏరుకునేది. తన చోటు లాక్కున్నవాడితో అంత నవ్వేమిటి? తనతో ఎప్పుడైనా అలా నవ్వాడా? ఒకసారి కొడుకుని తీసుకెళ్ళడానికి రొషెల్ వచ్చింది. వంటింట్లో రెండు నిమిషాలు నిలబడి, ఫ్రిజ్ వైపు అదేపనిగా చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. 'మా ఇంటి పాత ఫ్రిజ్ చూసి జాలిపడుతోంది కాబోలు,' అనుకుంది వర్నీస్, పళ్ళు కొరుక్కుంటూ.

అక్టోబరుకి జట్టు ఆరు ఆటలాడి ఆరూ గెలిచింది.

ఒక మంగళవారం వేరే డ్రైవరుకి నడుం పట్టేస్తే ఆ దారి వర్నీస్‌కి వేశారు. మధ్యాహ్నం చివరి పిల్లల్ని స్కూలు హద్దు దగ్గర దింపేసి, బస్సు మళ్ళించుకోవడానికి చోటు కోసం హైవే పక్కనున్న మోటెల్ దాకా వెళ్ళింది. అక్కడ మెట్లమీద జకారి కూర్చుని బూట్లకంటిన మట్టి గీకుతున్నాడు. ఆ రోజు వాడు పంటి నొప్పని సెలవు పెట్టాడు. పై వరండాలో రొషెల్ మోటెల్ పనివాళ్ళ యూనిఫాంలో, దుప్పట్ల బండి తోసుకుంటూ గదిగదికీ తలుపు కొడుతోంది. కొంతసేపటికి చివరి గది తలుపు తీసి, "లోపలికి రా, అన్నం తిందువుగాని!" అని కొడుకుని కేకేసింది. ఆ కిటికీ చువ్వకి లారెల్ బ్రాంచ్ ఊదారంగు చొక్కా ఆరేసి ఉంది.

వర్నీస్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయింది. స్కూలు కాగితాల్లో వాళ్ళ ఇల్లు మేపుల్ వీధిలో అని ఉంది. ఆ వీధి ఆమె రోజూ వెళ్ళే దారే. ఆ ఇంటిముందు ఆ పిల్లాడు ఎప్పుడూ నిలబడలేదన్న సంగతి ఆమెకు ఇప్పుడు తట్టింది. ఈ మోటెల్ స్కూలుకి పదకొండు మైళ్ళ దూరం, స్కూలు హద్దుకి ఒక మైలు అవతల. హద్దులో కాపురం లేనివాడు చదువుకోవచ్చు గాని ఆడకూడదు. ఆటలు చూసే ప్రతి తల్లికీ తెలిసిన రూలే అది.

మూడు రోజులు ఆ మాట ఆమె కడుపులో బొగ్గులా రాజుకుంటూనే ఉంది. కోచ్‌తో చెప్పలేదు. లూథర్‌తో చెప్పలేదు. శుక్రవారం పొరుగూరిలో ఆట. జట్లని దింపేశాక రెండు బళ్ళ డ్రైవర్లూ ఒక బస్సులో చేరి పొద్దుతిరుగుడు గింజలు నములుతూ కూర్చోవడం అలవాటు. అవతలి బడి డ్రైవరు జొయెట్టా పదేళ్ళుగా తెలిసిన మనిషి. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని కూడా తెలుసు.

"మీ కొత్త కుర్రాడు మమ్మల్ని చీల్చి చెండాడేస్తాడంటగా?" అంది జొయెట్టా.

"వాడా?" అని వర్నీస్ ఒక గింజ పొట్టు కప్పులో ఊసింది. "మంచి పిల్లాడే. పాపం రోజూ అంత దూరం నుంచి రావాలి."

"ఎంత దూరం?"

"ఆ హైవే మోటెల్ నుంచి. అయినా మనకెందుకులే. నేనేం అనలేదు బాబూ."

జొయెట్టా నమలడం ఆపింది. వర్నీస్ కిటికీ వైపు తిరిగింది. తను ఎవరిమీదా ఫిర్యాదు రాయలేదు, సంతకం పెట్టలేదు, అబద్ధం ఆడలేదు. ఆ మూడు మాటలూ మనసులో అనుకుంటూ ఆమె ఆ సాయంత్రం ఏడో గెలుపు చూసింది.

వారం తిరక్కుండానే అంతా అయిపోయింది. ఆ చుట్టుపక్కల స్కూళ్ళ పెద్దలు కమిటీగా కూర్చున్నారు. ఎవరో మోటెల్ ఫోటోలు తెచ్చారు. జకారి ఇక ఆ యేడు ఆడకూడదన్నారు. వాడు ఆడి గెలిచిన ఏడు ఆటలూ ఓడినట్టే అన్నారు. నిన్నటిదాకా పైవరసలో ఉన్న జట్టు అట్టడుక్కి పోయింది. మంగలి షాపులో, చర్చి మెట్లమీద అందరిదీ ఒకటే మాట: నోరు జారిందెవరు? వర్నీస్ కూడా నలుగురిలో నిలబడి, "ఎవడో పాపిష్టివాడు," అంది.

ఆ వారమే కోచ్ కోర్డెల్‌ని మళ్ళీ క్వార్టర్‌బ్యాక్‌గా దింపాడు. పన్నెండో నంబరు తీసుకోమంటే వాడు ముప్ఫై ఒకటితోనే ఆడతానన్నాడు. వర్నీస్ స్టాలు వేరేవాళ్ళకి అప్పజెప్పి, పదిహేనేళ్ళ పిల్లలా పరిగెత్తి మొదటి వరుసలో కూర్చుంది. కోరుకున్నది కళ్ళముందే ఉంది: బంతి కొడుకు చేతిలో. కానీ రెండు నెలలుగా వాడు ఆ పని చెయ్యలేదు. మూడు బంతులు నేరుగా ప్రత్యర్థుల చేతుల్లో పెట్టాడు. మూడోసారి మెట్లమీద వెనకనుంచి ఎవరో, "జకారి ఉంటేనా!" అన్నారు. వర్నీస్ వెనక్కి తిరిగి కొరకొరా చూసింది. మైదానంలో లేని పిల్లాడితో కూడా పోలికేనా?

మర్నాడు మధ్యాహ్నం రొషెల్ వచ్చింది. ఈసారి జడలు సరిగా లేవు. వర్నీస్ చల్లటి తీపి టీ పోసి బల్లమీద పెట్టింది.

"మిస్ వర్నీస్, ఒకటడగాలి. కాదంటే కాదనండి," అంది రొషెల్. "మేపుల్ వీధి మా చెల్లెలు వరసామె ఇల్లు. కాగితాలు రాసిన రోజున మేం అక్కడే ఉన్నాం. మూడు వారాలకి ఆమె మొగుడు సామాను బయట పడేశాడు. మోటెల్లో పనికి చేరితే గదిచ్చారు. ఇంకేం చెయ్యను? ఆ సంగతి కమిటీవాళ్ళు వినలేదు. సరే, ఆట పోయింది. కానీ వాడు ఇంకో బడికి రానంటున్నాడు. నాలుగు చాలమ్మా, అంటున్నాడు. మే నెల దాకా మీ ఇంట్లో ఉండనిస్తారా? ఎక్కడుంటావంటే వాడు మీ ఇల్లే చెప్పాడు."

కన్నతల్లి గది కన్నా నా వంటిల్లే నచ్చింది! సిగ్గుపడాల్సిన ఆ క్షణంలో వర్నీస్‌కి మొదట కలిగింది ఆ సంతోషమే. అది గుర్తుపట్టి ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

రొషెల్ ఫ్రిజ్ తలుపుకి అంటించిన ఫోటో వైపు చూస్తోంది. "ఆ ఫోటో మీ వాడిది ఏ క్లాసప్పటిది? మూడా? ఆ రోజు అది చూసి నాకు కడుపు రగిలిపోయిందండీ, నిజం చెప్తున్నా. మా వాడి మూడో క్లాసు ఫోటో ఏ ఊళ్ళో పోయిందో నాకే తెలీదు. వాణ్ణి పైకి తేవాలని నేనే తిప్పాను. ఎవర్ని అనను?"

వర్నీస్ గ్లాసు కింద తడి వలయాన్ని వేలితో తుడిచింది. తుడిచినచోటే మళ్ళీ తుడిచింది.

"రొషెల్, చెప్పింది నేనే."

"ఏం చెప్పారు?"

"మోటెల్ సంగతి. అవతలి బడి డ్రైవరుతో."

రొషెల్ టీ గ్లాసు పక్కకి జరిపింది. తర్వాత మెల్లగా, "ఎందుకండీ?" అంది.

"నా కొడుకు ఆడాలని."

"ఆడాడుగా నిన్న. కళ్ళారా చూశారా?"

"చూశాను."

"మంచిది." ఆమె బల్లమీది తాళాలు తీసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "మా వాడు అన్నం ముందు ప్రార్థన నేర్చుకొచ్చాడు మీ ఇంట్లో. మీరు చేసేదేనంట. అది మాత్రం మానిపించనులెండి," అని వెళ్ళిపోయింది.

ఆ వారాంతంలోనే తల్లీ కొడుకులు లూసియానాలో రొషెల్ తల్లి దగ్గరికి వెళ్ళిపోయారు. జకారికి అది ఐదో బడి. అక్కడ కూడా ఆ యేడు ఆడనివ్వలేదు.

సంగతి కోర్డెల్‌కి జకారి ఫోన్లో చెప్పాడు. వాడు వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"నువ్వేనా అమ్మా?"

"నీకోసమేరా..."

"నాకోసమని అనకు. నేనడిగానా?" వాడి గొంతు పెద్దది కాలేదు, అందుకే ఆమెకు భయం వేసింది. "నాకు మాత్రం కుళ్ళు లేదనుకున్నావా? మొదటి వారం వాడి కాలు విరగాలని దేవుడికి మొక్కుకున్నాను. తర్వాత వెనక కాపలా ఆట నాకే నచ్చింది. ఓక్లహోమా నుంచి చిన్న కాలేజీవాళ్ళు అది చూసే రాశారు, వస్తామని. వచ్చారు కూడా. ఏ శుక్రవారం వచ్చారో తెలుసా?"

ఆమెకు చెప్పక్కర్లేదు. మూడు బంతులూ కళ్ళముందు ఆడాయి.

ఆ కాలేజీ నుంచి మళ్ళీ ఉత్తరం రాలేదు. కోర్డెల్ మే నెలలో బడి ముగించి, పక్క పట్నంలో వెల్డింగ్ కోర్సులో చేరాడు. చలికాలమంతా తల్లితో ఉప్పు అందుకో, తలుపు వెయ్యి అన్నంత వరకే మాట్లాడాడు. వర్నీస్ కోచ్ దగ్గరికి వెళ్ళి తనే చెప్పానని ఒప్పుకుంది. ఆయన, "ఇప్పుడెందుకు చెప్తున్నావమ్మా నాకు?" అని తలుపు చూపించాడు. ఊరు తెలుసుకుంది. స్టాల్లో ఆమె గరిటె వేరేవాళ్ళ చేతికెళ్ళింది. బస్సు మాత్రం ఎవరూ తీసుకోలేదు. పిల్లలు ఎప్పటిలాగే ఎక్కారు, దిగారు. రొషెల్‌కి రెండు ఉత్తరాలు రాసింది. ఒకదానికీ జవాబు లేదు.

మరుసటి సెప్టెంబరులో కోర్డెల్ శనివారం పొద్దున్నే బండి తీసుకుని లూసియానా వెళ్ళాడు. జకారి అక్కడ ఒక రెండేళ్ళ కాలేజీలో ఆడుతున్నాడు. ఆదివారం మధ్యాహ్నం తిరిగొచ్చి తండ్రికి ఆట గురించి చెబుతుంటే, వర్నీస్ సింకు దగ్గర వీపు తిప్పుకుని నిలబడి ఒక్క మాటా వదలకుండా వింది.

"వాళ్ళమ్మ ఎలా ఉంది?" అని చివరికి అడిగింది.

"బాగుంది. నాకు గంబో పులుసు చేసి పెట్టింది."

"నిన్ను లోపలికి రానిచ్చిందా?"

"నేనేం చేశాను రానివ్వకపోడానికి?"

లూథర్ దగ్గాడు. 

"గంబో బాగుందా?" అంది వర్నీస్.

కోర్డెల్ ఆమె వైపు చూశాడు. చాలా నెలల తర్వాత వాడి మూతి ఒక పక్కకి వంగింది. "నీకన్నా బాగా చేస్తుందమ్మా."

వర్నీస్‌కి భగ్గున మండింది. కడుపులో అదే పాత మంట, ఏమీ తగ్గలేదు. చేతిలో గిన్నె గట్టిగా బోర్లించి, గుడ్డకి చేతులు తుడుచుకుంటూ కొడుకు ఎదురుగా వచ్చి కూర్చుంది.

"బెండకాయ వేసిందా, వెయ్యలేదా? సరిగ్గా చెప్పు."